మంచు కింద 268 అడుగులు

1942 జులై 15. గ్రీన్‌లాండ్ ఆకాశంలో ఎనిమిది అమెరికా యుద్ధవిమానాలు దారీతెన్నూ తెలియక తిరుగుతున్నాయి. ఆరు పి-38 లైట్నింగ్ ఫైటర్లు, రెండు బి-17 బాంబర్లు. ఐస్‌లాండ్ మీదుగా బ్రిటన్ చేరాలని బయల్దేరాయి. ముందు మేఘాలు కమ్మేశాయి. వెనక్కి తిరిగితే అక్కడా వాతావరణం దిగనిచ్చేలా లేదు. ట్యాంకుల్లో పెట్రోలు అడుగంటుతోంది. కింద కనుచూపు మేరా మంచే. అక్కడే దిగాలి, వేరే గతి లేదు.

అందరికన్నా ముందు లెఫ్టినెంట్ బ్రాడ్ మెక్‌మానస్ దిగాడు. పైనుంచి చూస్తే గట్టి నేలలాగే కనిపించడంతో చక్రాలు దించాడు. అంతే, ముందు చక్రం మంచులో కూరుకుపోయి విమానం పల్టీ కొట్టింది. పైన చక్కర్లు కొడుతున్నవాళ్లకి గుండె ఆగినంత పనైంది. అదృష్టం బాగుండి మెక్‌మానస్ చిన్నపాటి గాయాలతో బయటపడ్డాడు. అది చూసి మిగతావాళ్లు చక్రాల జోలికి పోలేదు. పొట్ట మీద జారుకుంటూ ఒక్కొక్కరే దిగారు. హ్యారీ స్మిత్ నడిపిన పి-38 కూడా అలాగే దిగింది. మొత్తం 25 మంది, ఒక్క ప్రాణమూ పోలేదు. కొన్నాళ్లకు కుక్కబండ్లతో సాయం వచ్చింది. తీరం దాకా నడిచి వెళ్లి ఓడెక్కారు. విమానాలు అక్కడే ఉండిపోయాయి. ప్రపంచయుద్ధం నడుస్తుంటే ఎనిమిది విమానాల కోసం ఎవరు కూర్చుని ఏడుస్తారు!

దాదాపు నలభై ఏళ్ల తర్వాత ఆ సంగతి అట్లాంటాలో ఇద్దరు స్నేహితుల చెవిన పడింది. ఒకరు విమానాల వ్యాపారి ప్యాట్ ఎప్స్, రెండోవారు ఆర్కిటెక్ట్ రిచర్డ్ టేలర్. వాళ్ల లెక్క చాలా సులువు. వెళ్లడం, రెక్కల మీద మంచు పారతో ఎత్తిపోయడం, పెట్రోలు పోసి ఇంజన్ తిప్పడం, ఇంటికి ఎగురుకుంటూ రావడం. 1981లో ఈ ధీమాతోనే మంచులోకి అడుగుపెట్టారు. ఎంత వెతికినా తోక ముక్క కూడా కనబడలేదు.

వాళ్ల లెక్కలో లేనిది ఒకటుంది. అక్కడ వేసవిలో కూడా మంచు పూర్తిగా కరగదు. ఏటా కురిసేది ముందటేడు మంచు మీద పేరుకుంటుంది. ఆ బరువుకు అడుగున ఉన్నది నలిగి గట్టి ఐసుగా మారుతుంది. పైగా ఆ ఐసు ఉన్నచోట ఉండదు, సముద్రం వైపు మెల్లగా జారుతూ పోతుంది. అంటే 1942లో దిగిన చోట వెతికితే విమానాలు దొరకవు. ఎంత లోతుకి పోయాయో పైనుంచి చూసి ఊహించడం ఎవరి తరమూ కాదు.

మళ్లీ మళ్లీ వెళ్లారు. చివరికి 1988లో మంచు లోపలికి చూసే రాడార్ ఆచూకీ పట్టింది. ఆవిరితో మంచును కరిగిస్తూ ఒక గొట్టాన్ని కిందికి దించితే అడుగున గట్టిగా ఏదో తగిలింది. విమానమే. లోతు మాత్రం 260 అడుగుల పైమాటే, అంటే దాదాపు పాతిక అంతస్తుల భవనమంత. పారలు తెచ్చుకున్నవాళ్లు ఏమనుకుని ఉంటారో మీరే ఊహించుకోండి.

1990లో ఒక బి-17 దాకా గొయ్యి తవ్వి దిగారు. పేరుకి ‘ఎగిరే కోట’. తీరా చూస్తే మంచు దాన్ని నలిపి తుక్కు చేసేసింది. నాకైతే ఈ కథలో అసలు ఘట్టం ఇదే. ఏళ్ల శ్రమ, బోలెడంత డబ్బు పోసి కిందికి దిగితే చేతికి తుక్కు దొరికింది. ఎవరైనా అక్కడితో దండం పెట్టి వెళ్లిపోతారు. వీళ్లు మాత్రం ఇంకో లెక్క వేశారు: పి-38 చిన్నది, గట్టిది, అదైనా మిగిలి ఉండొచ్చు.

కెంటకీ రాష్ట్రంలోని మిడిల్స్‌బరోకి చెందిన వ్యాపారి రాయ్ షాఫ్నర్ ఈసారి డబ్బు పెట్టాడు. (ఉల్క పడి ఏర్పడిన గుంతలో కట్టిన ఊరది. భూమిలో కూరుకుపోయినవాటి మీద అక్కడివాళ్లకి మోజు ఉండటంలో వింతేముంది!) 1992 వేసవిలో పని మొదలైంది. బొంగరం ఆకారంలో ఒక పరికరం, చుట్టూ రాగి గొట్టాలు, వాటిలో వేడినీళ్లు. గొలుసుకి వేలాడదీస్తే అది ఆ వేడితో మంచును కరిగించుకుంటూ గంటకి రెండడుగుల చొప్పున దిగుతుంది. కరిగిన నీటిని పంపులు పైకి తోడేస్తుంటాయి. అలా మనిషి పట్టేంత బావి తయారైంది.

ఆ బావిలోకి మనుషుల్ని ఒక్కొక్కరినే తాడుతో దించారు. వాళ్లు అడుగున వేడినీళ్ల పైపులు పట్టుకుని విమానం చుట్టూ ఐసు కరిగిస్తూ పోయారు. ఒక రెక్క బయటపడింది, తర్వాత ముక్కు. ముక్కులో నాలుగు మెషిన్‌గన్లు, ఒక ఫిరంగి ఎక్కడివక్కడే ఉన్నాయి. అది హ్యారీ స్మిత్ దింపిన విమానం. చుట్టూ గుహంత ఖాళీ చేశాక ఆ చలిలోనే బోల్టు మీద బోల్టు విప్పి, ముక్క మీద ముక్క పైకి పంపారు. మధ్యభాగం దగ్గర తలప్రాణం తోకకొచ్చింది. మూడు టన్నుల బరువు, బావిలో పట్టదు. పక్కపక్కనే ఇంకా బొరియలు కరిగించి దారి వెడల్పు చేయాల్సి వచ్చింది. 1992 ఆగస్టు 1న ఆ చివరి ముక్క వెలుతురు చూసింది.

సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. మిడిల్స్‌బరోకి చేర్చాక, మరమ్మతు పని చేపట్టిన బాబ్ కార్డిన్ బృందం ముక్కల్ని విడదీసి చూస్తే, దూరం నుంచి బాగున్నట్టు కనిపించినవి కూడా లోపల వంకర తిరిగి ఉన్నాయి. అందుకని ప్రతి రివెట్టూ ఊడదీశారు. ఏ ముక్కనీ అవతల పారేయలేదు. సాగదీసి సరిచేయగలిగితే సరిచేశారు, వీలుకాకపోతే దాన్నే నమూనాగా బల్ల మీద పెట్టి కొలతలు తీసి కొత్తది చేశారు. ఒక వంపు పట్టీ తేడాగా వస్తే దాని మీద కూర్చోవాల్సిన రేకు కూర్చోదు, రేకు కూర్చోకపోతే పక్క రేకు కలవదు. ఈ పనికి పదేళ్లు పట్టింది. కొత్త ముక్కలు చేరాక అది పాత విమానం ఎలా అవుతుందని అడిగేవాళ్లున్నారు. ప్రశ్న న్యాయమైనదే. మ్యూజియంలో చూపించడానికైతే నలిగిన శవాన్ని అలాగే గాజుపెట్టెలో పెట్టినా సరిపోయేది. వీళ్లకు అది మళ్లీ ఎగరాలి. ఎగరాలంటే బలహీనమైన ముక్క ఒక్కటి కూడా ఉండకూడదు. నా ఓటు వాళ్లకే.

2002 అక్టోబర్ 26న మిడిల్స్‌బరో విమానాశ్రయంలో దాదాపు 20,000 మంది జనం. పైలట్ స్టీవ్ హింటన్ రెండు ఇంజన్లూ స్టార్ట్ చేశాడు. అరవై ఏళ్ల తర్వాత, ఇప్పుడు ‘గ్లేసియర్ గర్ల్’ అని పిలుస్తున్న ఆ పి-38 నేల విడిచింది. మంచు మీద పల్టీ కొట్టిన మెక్‌మానస్ కూడా ఆ రోజు అక్కడున్నాడు.

కొన్నాళ్లు అది ఆ ఊరి లాస్ట్ స్క్వాడ్రన్ మ్యూజియంలో ఉండి, తర్వాత టెక్సస్‌కి చెందిన కొత్త యజమాని చేతికి వెళ్లింది. 1942లో ఆగిపోయిన ప్రయాణం పూర్తి చేయాలని 2007లో బ్రిటన్‌కి బయల్దేరింది. ఇంజన్ మొరాయించడంతో కెనడాలోని గూస్‌బేలోనే ఆగిపోయింది. 2018లో ఇంకో బృందం డ్రోన్‌కి రాడార్ కట్టి వెతికి, మరో పి-38 ఆచూకీ కనిపెట్టింది. అది 300 అడుగుల కన్నా లోతున ఉంది. ఆ రోజు దిగిన ఎనిమిదింటిలో బయటికొచ్చింది ఒక్కటే. మిగిలిన ఏడూ ఏటా ఇంకాస్త కిందికి పోతూనే ఉన్నాయి. తీయాలనుకునేవాళ్లు త్వరపడాలి.