కంప్యూటరు మూలప్రతి ఎవరి సొత్తు?

రాజమహేంద్రవరమున 11వ శతాబ్దిలో రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయభట్టు మహాభారతమును తెనిగింప మొదలిడెను. ఆది, సభా పర్వములు ముగిసినవి. అరణ్యపర్వము నడుమ నిలిచిపోయినది. 13వ శతాబ్దిలో తిక్కన విరాటపర్వము మొదలుకొని తక్కిన 15 పర్వములను రచించెను. 14వ శతాబ్దిలో ఎఱ్ఱన అరణ్యపర్వ శేషమును పూరించి, దానిని నన్నయ రచనయే అన్నట్లు రాజరాజనరేంద్రునికే అంకితము చేసెను. ఒకరు విడిచిన పనిని మరియొకరు అందుకొనుటకు ఆనాడు ఎవరి అనుమతియు అక్కఱలేకపోయినది. తాటాకు ప్రతి చేతికి దొరికినవాడు దానిని చదువవచ్చును, నకలు వ్రాసికొనవచ్చును, కొఱత ఉన్నచో పూరింపవచ్చును.

నేడు గోదావరి మండలములలో బడులు, కళాశాలలు, అచ్చుకూటములు, కిరాణా దుకాణములు సైతము కంప్యూటరుపై ఆధారపడియున్నవి. ప్రతి కంప్యూటరునకును ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఉండవలెను. మీటలపై మనము కొట్టిన అక్షరమును గ్రహించుట, డిస్కుపై ఫైళ్ళను పదిలపరచుట, ప్రింటరును నడపుట, ఏకకాలమున పనిచేయు ప్రోగ్రాములకు వంతులు కేటాయించుట దాని పనులు. దీనిని ఎన్నుకొనునప్పుడు మనవారు సాధారణముగా ధరను, అలవాటును మాత్రమే చూచుచున్నారు. కొన్న నకలుతో మనము ఏమి చేయవచ్చును, ఏమి చేయరాదు అను ప్రశ్న అంతకన్న ముఖ్యమైనది. దానికి సమాధానము కాపీరైటు చరిత్రలో కలదు.

అచ్చు వచ్చిన తరువాత

తాటాకుపై నకలు వ్రాయుటకు నెలలు పట్టును. అచ్చుయంత్రము ఒక దినములో వేల పుటలను తీయగలదు. నకలు తీయుట తేలిక కాగానే, నకలు తీయు హక్కు ఎవరిది అను వివాదము పుట్టినది. ఈస్టిండియా కంపెనీ పాలనలో 1847లో మన దేశమునకు తొలి కాపీరైటు చట్టము వచ్చినది. దాని ప్రకారము గ్రంథకర్త జీవితకాలమును, ఆపైన 7 సంవత్సరములును హక్కు నిలుచును. ఆ కాలము ప్రచురణ నుండి 42 సంవత్సరములకు తక్కువైనచో 42 సంవత్సరములు నిలుచును.

ఆ చట్టము అమలులో ఉన్న దినములలోనే, 1878లో, కందుకూరి వీరేశలింగము పంతులు తమ ‘వివేకవర్ధని’లో ‘రాజశేఖర చరిత్రము’ను ప్రకటింపసాగిరి. దానికి ఆలివర్ గోల్డ్‌స్మిత్ రచించిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ ఆధారము. ఆంగ్ల నవల 1766లో వెలువడినది. గోల్డ్‌స్మిత్ 1774లో మరణించెను. కాబట్టి దానిపై హక్కు ఏనాడో తీరిపోయి, అది అందరి సొత్తు అయినది. పంతులుగారు ఆ కథను ధవళేశ్వరమునకు తెచ్చి, మన ఆచారములతోను మన మనుష్యులతోను నింపి, క్రొత్త గ్రంథముగా తీర్చిరి. ఆ క్రొత్తదనముపై హక్కు పంతులుగారిది. 1887లో ఆ తెలుగు నవలయే ‘ఫార్చ్యూన్స్ వీల్’ అను పేర ఆంగ్లములోనికి పోయినది. పాత గ్రంథమునుండి క్రొత్త గ్రంథము పుట్టుట, దానినుండి మరియొకటి పుట్టుట విద్యాభివృద్ధికి రాచబాట అని దీనివలన తెలియుచున్నది.

1957లో స్వతంత్ర భారతము తన కాపీరైటు చట్టమును చేసికొని 1958 జనవరి 21 నుండి అమలుపరచినది. గ్రంథకర్త మరణానంతరము 50 ఏండ్ల వరకు హక్కు నిలుచునని అందు విధింపబడినది. 1919లో కీర్తిశేషులైన వీరేశలింగము పంతులుగారి రచనలు ఆ లెక్కన 1969తో అందరి సొత్తు అయినవి. 1992లో ఆ గడువు 60 ఏండ్లకు పెంచబడినది.

ప్రోగ్రాము గ్రంథమైన విధము

ప్రోగ్రామునకు రెండు రూపములు కలవు. మనుష్యుడు వ్రాసి, చదివి, దిద్దగల రూపము మూలప్రతి. దీనినే సోర్సుకోడు అందురు. దానిని యంత్రమునకు అర్థమగు అంకెలుగా మార్చగా వచ్చునది యంత్రప్రతి. యంత్రప్రతిని మాత్రమే పొందినవాడు పచ్చడి తినగలడు కాని, అందులో ఏ దినుసు ఎంత పడినదో ఎఱుగడు.

1950-60 దశకములలో కంప్యూటరు కొన్నవారికి ప్రోగ్రాములు దానితోపాటు వచ్చెడివి. మూలప్రతులను పరిశోధకులు ఒకరికొకరు ఇచ్చికొనెడివారు. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మున్నగువారు యునిక్స్ అను ఆపరేటింగ్ సిస్టమును నిర్మింప మొదలిడిరి. ఆ ప్రయోగశాలల యజమానియైన ఏటీ అండ్ టీ సంస్థ 1956 నాటి ఒక న్యాయస్థాన ఒడంబడిక వలన టెలిఫోను తప్ప ఇతర వ్యాపారము చేయరాదు. కావున యునిక్సు మూలప్రతి స్వల్ప రుసుముతో విశ్వవిద్యాలయములకు చేరినది. 1984లో ఆ సంస్థ విభజింపబడి ఆ కట్టు తొలగగానే, యునిక్సు పూర్తిగా వ్యాపారవస్తువైనది.

ఈలోగా 1976లో మైక్రోసాఫ్ట్ స్థాపకుడు బిల్ గేట్స్ ఒక బహిరంగ లేఖ వ్రాసి, తమ ప్రోగ్రామును డబ్బీయక నకలు చేసికొనుట దొంగతనమని అభిరుచిపరులను నిందించెను. 1980లో అమెరికా తన కాపీరైటు చట్టమున కంప్యూటరు ప్రోగ్రామునకు స్పష్టముగా చోటిచ్చినది. మన దేశమున 1984 సవరణ ప్రోగ్రామును సాహిత్య గ్రంథముల కోవలో చేర్చినది. న్యాయదృష్టిలో నవలయు, కంప్యూటరు ప్రోగ్రామును ఒకే పీట మీద కూర్చున్నవి.

ఇందు ఒక విశేషమును మఱువరాదు. కాపీరైటు పొందుటకు నమోదు అక్కఱలేదు. రచన పుట్టిన క్షణముననే హక్కును పుట్టును. కాబట్టి ఇంటర్నెట్టులో దొరికిన ప్రోగ్రాముపై లైసెన్సు ఏదియు లేకున్న, దానిని ఎవరైనను వాడుకొనవచ్చునని అర్థము కాదు. సాధారణముగా లైసెన్సు లేనిచోట అనుమతియు లేదు.

హక్కునే కాపుగా నిలిపిన ఉపాయము

అమెరికాలోని ఎం.ఐ.టి. కృత్రిమ మేధా ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్ పనిచేయుచుండెను. అక్కడి పాత ప్రింటరులో కాగితము చిక్కుకొన్నచో, వాడువారి తెరలపై ఆ సంగతి తెలియునట్లు అతడు ప్రోగ్రామును దిద్దియుండెను. తరువాత జిరాక్స్ సంస్థ ఇచ్చిన లేజరు ప్రింటరుతో మూలప్రతి రాలేదు. మరియొక విశ్వవిద్యాలయములోని పరిశోధకుని అడుగగా, ఎవరికిని ఈయనని తాను మాట యిచ్చితినని అతడు నిరాకరించెను. దోషమును దిద్దగల నేర్పు ఉన్నను దిద్దు వీలు లేకపోయినది.

1983 సెప్టెంబరు 27న స్టాల్‌మన్ ‘గ్నూ’ అను స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమును నిర్మించెదనని ప్రకటించెను. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఏర్పడినది. 1989లో జనరల్ పబ్లిక్ లైసెన్సు, క్లుప్తముగా జీపీఎల్, వెలువడినది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునకు నాలుగు స్వేచ్ఛలు లక్షణములు: ఏ పనికైనను వాడుట, మూలప్రతిని పరిశీలించి మార్చుకొనుట, నకళ్ళు పంచుట, మార్చిన కూర్పును కూడ పంచుట. ఆంగ్లములో ‘ఫ్రీ’ అను ఒకే మాట వెల లేకుండుటకును, స్వతంత్రమునకును చెల్లును. తెలుగున ఆ చిక్కు లేదు. ఉచితము వేఱు, స్వేచ్ఛ వేఱు. వెల లేక దొరికినను మూలప్రతి ఈయని ప్రోగ్రాము ఉచితమే కాని స్వేచ్ఛ కలది కాదు. జీపీఎల్ ప్రోగ్రామును వెలకు అమ్మినను దాని స్వేచ్ఛకు లోపము లేదు.

జీపీఎల్ కాపీరైటును కాదనలేదు, దానిపైననే నిలిచియున్నది. “ఈ రచనపై హక్కు నాది. నీవు వాడుకొనుము, మార్చుము, పంచుము. అయితే ఇతరులకు పంచినప్పుడు మూలప్రతిని, ఇవే హక్కులను వారికిని ఈయవలెను” అని దాని సారాంశము. తన ప్రయోగశాలకు మాత్రమే మార్చుకొన్న అధ్యాపకుడు దానిని బయటపెట్టనక్కఱలేదు. పంచినప్పుడే షరతు వర్తించును.

గ్నూకు కావలసిన పరికరములు పెక్కు సిద్ధమైనను, యంత్రమును నడపు కెర్నెల్ అను కీలకభాగము కొఱవడియుండెను. 1991లో ఫిన్లండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, 21 ఏండ్లవాడు, ఆ భాగమును వ్రాసెను. అదియే లైనక్సు. తొలి లైసెన్సు ప్రకారము దానిని పంచుటకు డబ్బు పుచ్చుకొనరాదు. 1992లో అతడు జీపీఎల్‌నకు మారెను. దానితో ఫ్లాపీలపైనను, సీడీలపైనను నకళ్ళు అమ్ముటకు వ్యాపారులకును దారి ఏర్పడి, లైనక్సు వేగముగా వ్యాపించినది.

ఆ కాలముననే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బీఎస్‌డీ అను యునిక్సు శాఖపై 1992లో వ్యాజ్యము పడినది. 1994లో రాజీ కుదిరినప్పుడు సుమారు 18,000 ఫైళ్ళలో తొలగింపవలసినవి 3 మాత్రమే. మరి 70 ఫైళ్ళపై పాత యజమాని కాపీరైటు ప్రకటన చేర్చవలసివచ్చినది. తగవు ఇంత చిన్నదైనను, అది నడచిన రెండేండ్లు లైనక్సునకు కలిసివచ్చినవి. హక్కు నిర్ణయము స్పష్టముగా లేనిదానిపై ఎవరును ఇల్లు కట్టరు గదా.

లైసెన్సులలో భేదములు

నేడు ఆపరేటింగ్ సిస్టములను లైసెన్సు ననుసరించి మూడు తెగలుగా చూడవచ్చును. మొదటిది విండోసు వంటి యజమాన్య తెగ. ఇందు మనము కొనునది ప్రోగ్రామును గాదు, దానిని వాడు అనుమతిని. క్రొత్త కంప్యూటరుతో వచ్చిన విండోసు లైసెన్సు సాధారణముగా ఆ యంత్రమునకే కట్టుబడియుండును. యంత్రము పాడైనచో వేఱొకదానికి మార్చుకొను వీలుండదు. రెండవది జీపీఎల్ తెగ. మూడవది బీఎస్‌డీ, అపాచీ వంటి ఉదార లైసెన్సుల తెగ. ఇందు కర్త పేరును, లైసెన్సు పాఠమును నిలిపినచో చాలును; మార్చిన కూర్పును మూసివేసి అమ్ముకొనవచ్చును. కోనసీమ రైతు చేతనున్న ఆండ్రాయిడ్ ఫోనులో కెర్నెల్ జీపీఎల్‌నకు చెందిన లైనక్సు. పై భాగములలో పెక్కు అపాచీ లైసెన్సువి. వాటిపై సంస్థలు చేర్చు మూసిన ప్రోగ్రాములు మరికొన్ని. ఒకే యంత్రమున మూడు తెగలును కలిసియున్నవి.

తెలుగునకు కలిగిన మేలు

మూలప్రతి చేత నుండుట వలన తెలుగునకు నేరుగా లాభము కలిగినది. హైదరాబాదు కేంద్రముగా 2005లో ఏర్పడిన ‘స్వేచ్ఛ’ సంస్థ డెబియన్ అను లైనక్సు కూర్పును ఆధారముగా గొని, ఆదేశములను, పట్టికలను తెనిగించి తెలుగు ఆపరేటింగ్ సిస్టమును రూపొందించినది. పిల్లల కొఱకు ‘బాల స్వేచ్ఛ’ను తెచ్చినది. ఈ పనికి ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు తోడ్పడిరి. ఇందుకు ఏ సంస్థ అనుమతికొఱకును వేచియుండవలసిన పని లేకపోయినది. కేంద్రప్రభుత్వ సంస్థ సీడాక్ 2007లో వెలువరించిన ‘బాస్’ లైనక్సునకును డెబియనే ఆధారము. 2015లో కేంద్రప్రభుత్వము తన కార్యాలయములలో ఓపెన్‌సోర్సు సాఫ్ట్‌వేరునకు ప్రాధాన్యమీయవలెనని విధానము ప్రకటించినది.

అక్షరరూపములు, అనగా ఫాంట్లు సైతము కాపీరైటు, లైసెన్సుల పరిధిలోనివే. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు రూపొందించిన ‘పోతన’, ‘వేమన’ ఫాంట్లు జీపీఎల్ క్రింద లభించుట వలన లైనక్సు కూర్పులలో చేరినవి. రెడ్ హ్యాట్ సంస్థ పక్షమున వచ్చిన ‘లోహిత్ తెలుగు’, సిలికానాంధ్ర పక్షమున వచ్చిన మండలి, గిడుగు, రామభద్ర మున్నగునవి స్వేచ్ఛా లైసెన్సులతో అందరికిని అందినవి.

దీనికి విరుద్ధమైన అనుభవమును మన అచ్చుకూటములలో చూడవచ్చును. తెలుగు పుస్తకములు పెక్కు పేజ్‌మేకరులో, యూనికోడుకు చెందని ఫాంట్లతో కూర్పబడినవి. 2001లో వచ్చిన 7.0 కూర్పు తరువాత పేజ్‌మేకరునకు మరియొక కూర్పు రాలేదు. యజమాని ఆ పనిని విడిచెను. మూలప్రతి మూయబడియుండుటచే ఇతరులు కొనసాగింప వీలులేదు. అరణ్యపర్వము నడుమ నిలిచినది, కాని ఎఱ్ఱన చేయి పెట్టరాదు. ఆ ఫైళ్ళను తెఱచుటకు పాత యంత్రములను, పాత విండోసును కాపాడుకొనవలసివచ్చుచున్నది.

ఎన్నుకొనునప్పుడు

కాకినాడలోగాని, భీమవరములోగాని ఒక కళాశాల 40 కంప్యూటర్లతో ప్రయోగశాలను నెలకొల్పుచున్నదనుకొందము. దాని ముందు మూడు దారులు కలవు. లైసెన్సులు కొనుట ఒకటి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు వాడుట రెండవది. ఒక సీడీతో అన్ని యంత్రములను నింపుట మూడవది. పెక్కుచోట్ల జరిగినది ఇదియే. 1994 సవరణ దొంగనకలును తెలిసి వాడువారికి కనీసము 7 దినములు, గరిష్ఠముగా 3 ఏండ్ల ఖైదును, 50,000 మొదలు 2 లక్షల రూపాయల వఱకు జుర్మానాను విధించినది. వ్యాపారలాభమునకు వాడనిచో న్యాయస్థానము ఖైదు మినహాయింపవచ్చును. న్యాయముగా కొన్న ప్రోగ్రామునకు భద్రత కొఱకు అదనపు నకలు తీసికొను హక్కును కూడ చట్టము గుర్తించినది.

ధరయొక్కటే విషయము కాదు. విండోసు 10నకు సామాన్య పోషణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోసు 11 కోరు భద్రతా చిప్పు, ప్రాసెసరు లేని పాత యంత్రములు దానికి తగవు. ఇట్టి యంత్రములలో పెక్కింటిపై తేలికపాటి లైనక్సు కూర్పు నేటికిని చక్కగా నడచును.

అయితే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునకును కష్టములు లేకపోలేదు. దాని లైసెన్సులు హామీ ఈయవు. చిక్కు వచ్చినచో తెలిసినవానిని వెదకికొనవలెను, లేదా సేవకు డబ్బిచ్చి సంస్థను పెట్టుకొనవలెను. లెక్కలకు ట్యాలీ వాడు దుకాణదారునకు, పాత ఫాంట్లతో బ్రతుకు అచ్చుపనివానికి విండోసును ఒక్కమారు విడుచుట సాధ్యము కాదు. ప్రింటరు, స్కానరు లైనక్సుతో పనిచేయునో లేదో కొనుటకు ముందే పరీక్షింపవలెను.

కావున ఎన్నుకొనువారు మొదట తమ పనికి ఏ ప్రోగ్రాములు విధిగా కావలెనో జాబితా వ్రాసికొనవలెను. ప్రతిదాని లైసెన్సును చదివి, ఎన్ని యంత్రములకు, ఎంత కాలమునకు, మార్పిడికి వీలున్నదా అని చూడవలెను. తమ వ్రాతలు యూనికోడులో, ఇతర ప్రోగ్రాములును తెఱవగల రూపములో నిలుచునో లేదో విచారింపవలెను. ప్రోగ్రాము యజమాని రేపు పని విడిచినచో దానిని కొనసాగించు హక్కు మరెవరికైన ఉన్నదా అను ప్రశ్న అన్నిటికన్న పెద్దది. విద్యాలయములకు ఇందు మరియొక కారణము కలదు. మూలప్రతి తెఱచియున్న యంత్రముపై నేర్చుకొను విద్యార్థి దానిని వాడుటతో ఆగక, విప్పి చూచి, దిద్ది, పూరింపగలడు.