కోకో నారు పెంపకంలో పశువుల ఎరువు

కోకో నారు పెంచే సంచుల్లో మట్టితో పాటు పశువుల ఎరువు లేదా కోళ్ల ఎరువు కలపడం ఈ పంట చరిత్రలో కొత్త అలవాటే. కోకో పుట్టింది అమెజాన్ ఎగువ అడవుల్లో. ఈక్వెడార్‌లో సుమారు 5,300 ఏళ్ల కిందటే మనుషులు దాన్ని వాడిన ఆనవాళ్లు దొరికాయి. ఆవులు, గుర్రాలు మాత్రం 1493లో కొలంబస్ రెండో ప్రయాణంతో గానీ ఆ ఖండం వైపు రాలేదు. అంతవరకు కోకోకు ఆకు కుళ్లిన అడవి మట్టే బలం.

తర్వాత కోకో చేరిన పశ్చిమాఫ్రికాలోనూ దానికి పశువుల పెంట అందలేదు. సెట్సీ ఈగ తెచ్చే జబ్బు వల్ల అక్కడి అడవి ప్రాంతంలో పశుపోషణ నిలదొక్కుకోలేదు, కోకో పెరిగేదీ ఆ ప్రాంతంలోనే. రైతులు అడవి నరికి, అరటి, చేమ నీడన గింజను నేరుగా పొలంలోనే నాటుకునేవారు. గోల్డ్‌కోస్ట్‌లో (నేటి ఘనా) 1936లో కొమ్మవాపు వైరస్ తెగులు బయటపడింది. దాన్ని అదుపు చేయడానికి తర్వాతి దశాబ్దాల్లో కోట్ల చెట్లు నరికించారు. 1938లో అక్కడి టాఫోలో కోకో పరిశోధన కేంద్రం మొదలైంది. తిరిగి నాటడానికి నారు భారీగా కావలసి రావడంతో నర్సరీలు పెరిగాయి. వాటి సంచులు నింపడానికి అడవి పైమట్టిని తవ్వారు. ఈ నష్టం గురించి తగినంతగా చెప్పుకోలేదు: లక్షల సంచుల మట్టి అంటే ఎక్కడో ఒక నేల తన సారం పోగొట్టుకున్నట్టే. పట్టణాల చుట్టూ కోళ్ల ఫారాలు వచ్చాక ఘనా, నైజీరియా పరిశోధకులు కోళ్ల ఎరువును, కోకో కాయ తొక్కల కంపోస్టును మట్టిలో కలిపి పరీక్షించారు.

భారతదేశంలో కథ వేరు. ఇక్కడ పశువు ముందునుంచీ ఉంది, కోకోయే ఆలస్యంగా వచ్చింది. 1798లో కుర్తాళంలో నాటినా, వాణిజ్య సాగు 1960లలో కేరళలో ఊపందుకుంది. ఆపై గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో అంతరపంటగా స్థిరపడింది. పైమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో కలపాలన్నది ఇక్కడ వాడుకలో ఉన్న సిఫారసు.

ఇందులో ‘చివికిన’ అన్న షరతే కీలకం. పచ్చి పెంట కుళ్లేటప్పుడు వేడి, అమ్మోనియా పుట్టి లేత వేర్లు మాడతాయి. కోకో గింజకు కాయ నుంచి తీశాక ఆయుష్షు కొద్ది రోజులే, ఎండబెట్టి దాచుకునే వీలు లేదు. కాబట్టి మిశ్రమం పాడైతే అదే గింజతో మళ్లీ మొదలుపెట్టడం కుదరదు. మొదటి వారాల్లో మొలకకు తిండి గింజపప్పులోనే ఉంటుంది. అప్పుడు ఎరువు చేసే మేలల్లా మట్టిని గుల్లచేసి తేమ పట్టి ఉంచడమే, పోషకాల అవసరం తర్వాత వస్తుంది. కోళ్ల ఎరువులో నత్రజని, లవణాలు ఎక్కువ, అందుకే దాని పాలు తగ్గిస్తారు. కాయ తొక్కలను సరిగా కంపోస్టు చేయకపోతే నల్లకాయ తెగులు కలిగించే సూక్ష్మజీవి నారుకు చేరవచ్చు. కొబ్బరి సీమలో ఇంకో జాగ్రత్త ఉంది. కొబ్బరికి చేటు చేసే కొమ్ము పురుగు పెంటకుప్పల్లో గుడ్లు పెడుతుంది కనుక, ఎరువును తిరగేసి పిల్లపురుగులను ఏరేయకుండా సంచుల్లో నింపకూడదు.

నీడపందిరి కింద నాలుగు నుంచి ఆరు నెలలు పెరిగాక మొక్కలను తోటలో నాటుతారు. సంచి బరువు తగ్గించడానికి కొన్ని నర్సరీలు పైమట్టికి బదులు కుళ్లబెట్టిన కొబ్బరి పొట్టు వాడుతున్నాయి. పొట్టులో పోషకాలు తక్కువ కావడంతో పశువుల ఎరువు కలపడం మాత్రం మానలేదు.