ఇనుముకు ఆమడ దూరం

శ్రీహరికోటలో రాకెట్టు ఎగిరే రోజున మా తోటపల్లి గూడూరులో పొయ్యి మీద పాలు పొంగినా ఎవరికీ పట్టదు. అది మాకు దక్షిణంగా సుమారు 70 కిలోమీటర్లు. ఆకాశం తేటగా వుంటే మేడ మీది నుంచే ఆ పొగచార కనిపిస్తుంది. 2023 సెప్టెంబరు 2న ఆదిత్య ఎల్-1 బయలుదేరినప్పుడు మా అత్తయ్య, "అంత దూరం పోయి ఏం చేస్తుందే అమ్మాయ్ అది?" అని అడిగారు. సూర్యుణ్ణి చూస్తుందన్నాను. అంతకన్నా నన్ను ఆకట్టుకున్నది దాని చెయ్యి.

అవును, ఆదిత్యకు ఆరు మీటర్ల పొడుగు చెయ్యి వుంది. నాలుగు నెలలు పైగా ముడుచుకుని వున్న ఆ చేతిని 2024 జనవరి 11న చాపారు. దాని మీద అయస్కాంత బలాన్ని కొలిచే పరికరాలున్నాయి. అంత దూరాన ఎందుకంటారా? ఉపగ్రహంలో కరెంటు పారే తీగెలు, యంత్రాలు బోలెడు. వాటికీ కాస్తో కూస్తో అయస్కాంత గుణం వుంటుంది. మిరపకాయల పోపు వేస్తూ పెరట్లోని సంపెంగ వాసన పట్టగలమా? ఇదీ అంతే.

ఈ బాధ ఉపగ్రహాలతో మొదలైంది కాదు. బొంబాయి కొలాబాలో 1841 నుంచే భూమి అయస్కాంతాన్ని కొలిచేవారు. సన్నని సూది ఎంత కదిలిందో చూడటం, పుస్తకంలో రాయటం, మళ్ళీ చూడటం. మనం పాల లెక్క రాసుకున్నంత నిష్ఠగా రాశారు. 1859 సెప్టెంబరు 2న ఆ సూది వెర్రెత్తినట్లు కదిలింది. ముందురోజే సూర్యుడి మీద పెద్ద మెరుపును ఇంగ్లండులో కారింగ్టన్ అనే ఆయన చూశాడు. అమెరికాలో టెలిగ్రాఫు తీగెలు బ్యాటరీ లేకుండానే పనిచేశాయి! కొలాబా పుస్తకంలో ఆ రోజు తగ్గుదల సుమారు 1600 నానోటెస్లాలు. మామూలు రోజుల్లో మార్పు పదుల్లోనే వుంటుంది. 2003లో శాస్త్రజ్ఞులు ఆ పాత అంకెలను తిరగేసి, ఆనాటి తుఫాను ఎంత పెద్దదో లెక్కకట్టారు. రాసిన గుమాస్తాలకు అంత సంగతి తెలిసి వుండదు. తెలియకపోయినా రాశారు, అదే గొప్ప.

తరవాత బొంబాయి వీధుల్లోకి కరెంటు ట్రాములు వస్తాయన్నారు. జనానికి సౌఖ్యం, సూదికి గండం. అందుకని 1904లో సముద్రం అవతల అలీబాగులో కొత్త పరిశీలనశాల పెట్టారు. ఇనుము తగలకుండా కట్టిన ఇల్లది. కొత్తచోటు లెక్క పాతచోటు లెక్కతో కలవాలని రెండేళ్ళపాటు రెండుచోట్లా కొలిచి, అప్పుడు కొలాబాలో ఆపారు. ఇల్లు మారినా ఖాతా తెగలేదన్నమాట.

నేల మీద ఎన్ని కట్టినా సముద్రం మీద కట్టలేం గదా! ఆ లోటు తీర్చటానికి 1979 అక్టోబరు 30న అమెరికా మాగ్‌శాట్ అనే ఉపగ్రహాన్ని పంపింది. దానికీ ఆరు మీటర్ల చెయ్యే! ఏడాది కూడా బతకలేదు గాని, బతికినన్నాళ్ళూ భూమి అంతటి మీదా తిరిగి కొలిచింది. ఆ కొలతలను మన హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వారు కూడా పరిశీలించారు. 2013 నవంబరు 22న ఐరోపా వారు స్వార్మ్ పేరుతో ఒకేసారి మూడు ఉపగ్రహాలను పంపారు. గత 200 ఏళ్ళలో భూమి అయస్కాంత బలం సగటున 9 శాతం తగ్గిందంటే, ఆ మాట చెప్పటానికి ఉపగ్రహాలతోపాటు పాత పుస్తకాలు కూడా కావలసి వచ్చాయి.

ఇదంతా మనకెందుకంటారేమో. 1989 మార్చి 13న ఇలాంటి తుఫాను కెనడాలోని క్విబెక్‌లో 60 లక్షలమందిని తొమ్మిది గంటలు చీకట్లో పెట్టింది. 2024 మే నెలలో వచ్చినదానికి లడఖ్‌లోని హాన్లే ఆకాశం ఎర్రబడింది. మా కోడూరు రేవు నుంచి వేటకు పోయే మనిషి ఇవాళ దారి కోసం జి.పి.యస్. చూసుకుంటాడు. తుఫాను రేగితే ఆ దారి తప్పుగా చూపవచ్చు. ఆదిత్య మనకు 15 లక్షల కిలోమీటర్ల ముందు నిలబడి, సూర్యుడి నుంచి వీచే గాలిలోని అయస్కాంతాన్ని కొలుస్తుంది. ఆ గాలి మన భూమిని తాకటానికి అరగంటో గంటో ముందే జాడ చెబుతుంది. ఆ గంటే గదా కావలసింది!

అలాగని నేలమీది సూదికి పని తీరలేదు. తిరిగే ఉపగ్రహానికి అన్ని ఊళ్ళూ తెలుసుగాని, ఒక ఊళ్ళో పొద్దుటికీ సాయంత్రానికీ ఏం మారిందో కదలక కూర్చున్న సూదే చెప్పాలి. అందుకే హైదరాబాదులో 1964లోనే అలాంటి పరిశీలనశాల వెలిసింది. అప్పుడక్కడ నిశ్శబ్దం. ఆనక ఊరు పెరిగింది, చుట్టూ ఇనుమూ కరెంటూ పెరిగాయి, 2017లో మెట్రో రైలు కూడా వచ్చింది. ఆ రొద పడలేక విజయవాడ దారిలో చౌటుప్పల్ దగ్గర మరొకటి పెట్టుకున్నారు. ఆ దారి పొడుగునా ఇప్పుడు ఇళ్ళస్థలాల బోర్డులే. ఇంకొన్నాళ్ళకు పాపం ఆ సూది అక్కణ్ణించీ పెట్టేబేడా సర్దుకోవలసి వస్తుందేమో!