ఐకియా ఎదురుగా ఓ ఓడ

నేను ఫిలడెల్ఫియాలో ఉన్న రోజుల్లో శనివారం వస్తే ఐకియాకి పోయేవాళ్ళం. కొనేది తక్కువ, కెఫెటీరియాలో కూర్చునేది ఎక్కువ. అక్కడి కిటికీలోంచి డెలావేర్ నది ఒడ్డున, రంగు పెచ్చులూడిన ఓ పెద్ద ఓడ కనిపించేది. ఏదో తుక్కు సరుకనుకున్నా. తర్వాత ఇంటికొచ్చి వెతికితే తెలిసింది, అది ఎస్.ఎస్. యునైటెడ్ స్టేట్స్ అని.

పొడవు 990 అడుగులు. 1952 జులైలో, మొట్టమొదటి ప్రయాణంలోనే, అట్లాంటిక్‌ని 3 రోజుల 10 గంటల 40 నిమిషాల్లో దాటేసింది. అప్పటిదాకా క్వీన్ మేరీ పేరు మీదున్న రికార్డుని ఏకంగా పది గంటలు తగ్గించింది. దీన్ని డిజైన్ చేసిన విలియం ఫ్రాన్సిస్ గిబ్స్‌కి నిప్పంటే మహా భయం. ఓడలో చెక్క కనపడకూడదన్నాడు. వంటింట్లో మాంసం కొట్టే మొద్దుకీ, పియానోలకీ మాత్రం మినహాయింపు దొరికింది. పైభాగమంతా అల్యూమినియం, లోపల ఎక్కడ చూసినా ఆస్బెస్టాస్.

ఆ ఆస్బెస్టాసే కొంప ముంచింది. విమానాల దెబ్బకి 1969లో ఓడ ఆగిపోయింది. 1984లో సామానంతా వేలంలో పోయింది. ఆస్బెస్టాస్ ఊపిరితిత్తులకి విషం కాబట్టి 1990లలో సెవాస్తోపోల్ తీసుకెళ్ళి పీకించేశారు. దాంతోపాటే గదులూ, గోడలూ పోయాయి. 1996లో ఫిలడెల్ఫియా చేరేసరికి మిగిలింది డొల్ల. లోపల చూడ్డానికేమీ లేని ఓడకి టిక్కెట్ ఎవరు కొంటారు?

ఏమాటకామాటే, అభిమానులు తక్కువ కష్టపడలేదు. 2011లో వాళ్ళ సంస్థే ఓడని కొంది. కానీ చందాలు రేవు అద్దెకీ, బీమాకీ సరిపోతే, రిపేరుకి ఏం మిగులుతుంది? మా సాఫ్ట్‌వేర్‌లోనూ చూస్తుంటాం. పాత సర్వర్‌ని ఆపకుండా ఉంచడానికే బడ్జెట్ అయిపోతుంది, మార్చడానికి రూపాయుండదు. చివరికి అద్దె తగువు కోర్టుకెక్కి, 2024లో జడ్జి ఖాళీ చేయమన్నారు. ఫ్లోరిడాలోని ఒకలూసా కౌంటీ కృత్రిమ దిబ్బగా సముద్రంలో ముంచడానికి దాన్ని కొనుక్కుంది. 2025 ఫిబ్రవరిలో నది వదిలి, మార్చిలో అలబామాలోని మొబీల్ చేరింది, ముంచేముందు శుభ్రం చేయించుకోడానికి.

"గ్రేట్ బ్రిటన్‌ని కూడా ముంచారుగా, మళ్ళీ రాలేదా?" అన్నాడో మిత్రుడు. నిజమే. బ్రూనెల్ కట్టిన ఆ ఇనుప ఓడ 1843లో నీళ్ళలోకి దిగింది. 1857లో మన తిరుగుబాటుని అణచడానికి బొంబాయికి సైన్యాన్ని మోసిందీ అదే (అందుకని దాని మీద నాకంత ప్రేమేం లేదు). 1937లో ఫాక్‌లాండ్ దీవుల్లో వదిలేశారు. 1970లో పాంటూన్ మీద ఎక్కించి, బ్రిస్టల్‌లో పుట్టిన డాక్‌కే లాక్కొచ్చారు. ఇప్పుడు చుట్టూ గాజుపలక, దాని కింద ఇనుము తుప్పు పట్టకుండా గాలిలో తేమని పీల్చేసే యంత్రాలు. చూడ్డానికి జనం వస్తారు.

కానీ దాన్ని వదిలేసింది లోతు తక్కువున్న ఓ మూల. పైగా పొడవు 322 అడుగులే. దీన్ని మాత్రం లోతైన నీళ్ళలో, మళ్ళీ తీసే ఉద్దేశం లేకుండా ముంచాలని కొన్నారు. తుక్కు కొట్టించడం కన్నా నయమేనంటాడు మిత్రుడు. చేపలకి నయమే. నాకైతే, ఆ అద్దె డబ్బుతో ముందు నాలుగు గదులైనా కట్టి జనాన్ని ఎక్కించి ఉండాల్సిందనిపిస్తుంది.