‘ఈగ’ చిత్రము – విమర్శకుల మన్నన

అనకాపల్లి బెల్లపు దిమ్మలపై వ్రాలిన యీఁగను మనము తోలివేయుదుము. అట్టి యల్పప్రాణిని నాయకునిగా నిలిపి ఎస్. ఎస్. రాజమౌళి తీసిన ‘ఈగ’ 2012 జూలై 6న విడుదలయ్యెను. అందు హతుఁడైన ప్రియుఁడు ఈఁగయై పుట్టి పగ తీర్చుకొనును.

మృగపక్షులు మాటాడు కథలు మనకుఁ గొత్త కావు. 1853 నాఁటి చిన్నయసూరి ‘నీతిచంద్రిక’యే సాక్షి. ఈ యీఁగయో, మాటాడదు. కంప్యూటరుపై రూపొందిన యాంగికమే దానికి భాష. చిత్రీకరణవేళ ఎదుట లేని యీఁగకు బెదరి నవ్వించిన ప్రతినాయకుఁడు సుదీప్ నటనను విమర్శకులు మిక్కిలి మెచ్చిరి. 2012వ సంవత్సరపు జాతీయ చలనచిత్ర పురస్కారములలో ఉత్తమ తెలుఁగు చిత్రమునకును, స్పెషల్ ఎఫెక్ట్సునకును గౌరవములు లభించెను.

ఈఁగకు రూపమిచ్చినది యంత్రము. అది గెలువవలెనని కోరినది ప్రేక్షకుల హృదయము. రససిద్ధి యనఁగా నిదియే.