అడంగల్ వరుస నుంచి జావా రికార్డ్ దాకా

కొత్తచెరువు మండలంలో ఏ ఊరి అడంగల్ (గ్రామ సాగు లెక్కల పుస్తకం) తీసినా పేజీ నిండా వరుసలే. సర్వే నంబరు, విస్తీర్ణం, మెట్టో తరో, శిస్తు, పట్టాదారు, అనుభవదారు, ఆ ఏడు వేసిన పంట. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాక, 1807 దాకా ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో అనంతపురం మకాంగా చేనూ చేనూ కొలిపించి, రైతు పేరనే శిస్తు కట్టించాడు. 1984లో పదవులు రద్దయ్యేదాకా ఆ లెక్కలు కరణాల చేతుల్లోనే నడిచాయి. గడులు ముందే ఖాయం, వరుసలో ఉండేది వివరం మాత్రమే. ఆ వరుస తనంతట తాను ఏ పనీ చేయదు. ప్రోగ్రాముల్లో సాదా సమాచారానికి ఇంతకు మించిన రూపం అక్కర్లేదని నా వాదన. ఆబ్జెక్టుల భాషలు చాలాకాలం ఈ సంగతిని పక్కన పెట్టి, ఈమధ్యే మళ్లీ దారికొచ్చాయి.

ప్రోగ్రాముల్లో ఇలాంటి వరుసకు పేరు రికార్డు. చరిత్ర చూస్తే క్లాసు కంటే రికార్డే ముందు పుట్టింది. 1890 అమెరికా జనాభా లెక్కల్లో హెర్మన్ హోలరిత్ మనిషికొక చిల్లుల కార్డు పెట్టాడు. 1960 నాటి కోబాల్‌లో ఫైలంటేనే రికార్డుల వరుస. 1965లో టోనీ హోర్ ఆల్గాల్ భాష కోసం రికార్డు క్లాసులను ప్రతిపాదించాడు. నార్వేలో డాల్, నైగార్డ్ ఆ ఆలోచన అందుకుని, రికార్డుకు పనులు కూడా జతచేసి సిమ్యులా 67లో క్లాసును తయారుచేశారు. అంటే క్లాసు రికార్డు కడుపున పుట్టిన బిడ్డ. 1995లో వచ్చిన జావా మాత్రం సీ భాషలోని స్ట్రక్ట్‌ను వద్దనుకుంది. దాంతో రెండు అంకెలు దాచుకోవడానికి కూడా ఒక క్లాసు, కన్‌స్ట్రక్టరు, గెటర్లు, సమానత్వం తేల్చే మెథడు రాయాల్సి వచ్చింది. ఆ చివరిది మరిచిపోతే అచ్చంగా ఒకేలా ఉన్న రెండు వరుసలను యంత్రం వేరువేరనుకుంటుంది. ఈ చాకిరీని పైథాన్ 2018లో డేటాక్లాసులతో తగ్గించింది. జావా 2021లో, 16వ వెర్షన్లో, రికార్డులను ఖాయం చేసింది.

రాత తగ్గినంత మాత్రాన చోటు తగ్గదు. సర్వే నంబరు ఒక పూర్ణాంకం, విస్తీర్ణం సెంట్లలో ఇంకో పూర్ణాంకం అనుకుందాం. సెంట్లలోనే ఎందుకంటే, నాలుగెకరాల ఐదు సెంట్లను ఎవరైనా 4.5 అని ఎక్కిస్తే అది నాలుగున్నర ఎకరాలైపోతుంది. 405 అని రాస్తే ఆ గొడవ లేదు. అసలు సమాచారం 8 బైట్లు. జావా 64 బిట్ల యంత్రం మామూలు సెట్టింగుల్లో దీనికి 12 బైట్ల హెడరు తగిలించి, మొత్తాన్ని 24కు సర్దుతుంది. ఆ ఆబ్జెక్టు ఎక్కడుందో చెప్పే చిరునామాకు ఇంకో 4. కోటి వరుసలకు 28 కోట్ల బైట్లు! రికార్డ్ అని రాసినా ఇదే లెక్క. సీ షార్ప్‌లో స్ట్రక్టుల వరుసగా పెడితే 8 కోట్లతో సరిపోతుంది. జావాలో ఈ లోటు తీర్చడానికే 2014లో వల్హల్లా ప్రాజెక్టు మొదలైంది.

మెమరీ చౌకైందిగా, ఈ పొదుపు ఎందుకని అడగవచ్చు. చౌకైంది మెమరీయే కానీ, ప్రాసెసరు దాన్ని చేరడానికి పట్టే సమయం కాదు. ప్రాసెసరు ఒక్క విడతలో సాధారణంగా 64 బైట్లు తెచ్చుకుంటుంది. పక్కపక్కన పేర్చిన వరుసలైతే అందులో ఎనిమిది వస్తాయి, ఒక్కోటి 24 బైట్లయితే రెండుకు మించవు. లోపలి సమాచారం బయటపెడితే ఎన్‌క్యాప్సులేషన్ దెబ్బతింటుందన్నది ఇంకో ఆక్షేపణ. కాపాడవలసిన నియమం ఉన్నచోట ఆ భయం న్యాయమే. విస్తీర్ణం సున్నాకు దిగకూడదన్న నియమాన్ని రికార్డు కన్‌స్ట్రక్టరులోనే తనిఖీ చేయవచ్చు. అది దాటాక, ప్రతి గడికీ ఒక గెటరు పెట్టినంత మాత్రాన దాగేది ఏమీ లేదు.

అన్నిటికంటే బలమైన ఆక్షేపణ వేరే ఉంది: పొలం చేతులు మారుతుంది, పంట మారుతుంది, మరి ఒకసారి నింపాక గడులు మారని జావా రికార్డుతో పని ఎలా జరుగుతుంది? జవాబు అడంగల్‌లోనే ఉంది. ఏటా జులై 1న కొత్త ఫసలీ, అంటే రెవెన్యూ సంవత్సరం, మొదలవుతుంది. ఫసలీ 1434లో వేరుశనగ, 1435లో కంది వేస్తే, పాత గడిలో వేరుశనగ కొట్టేసి కంది రాయరు, కొత్త వరుస రాస్తారు. ఏ ఏడు ఎవరు సాగులో ఉన్నారో కోర్టు తగాదాల్లో చూపగలిగేది అందువల్లే. మారేది చేను, వరుస ఆ ఏటి సంగతి. అదే మ్యుటేషన్ (పట్టాదారు పేరు మార్పు) దరఖాస్తు తీసుకుంటే వ్యవహారం వేరు. అది దాఖలవుతుంది, విచారణకు వెళుతుంది, తహసీల్దారు దగ్గర మంజూరో తిరస్కరణో అవుతుంది. ఒక్కో దశలో చేయదగ్గ పనులు, చేయకూడని పనులు ఉంటాయి. దానికి పూర్తిస్థాయి ఆబ్జెక్టే తగినది.