తప్పుల ద్వారా అభ్యసనం

సరైన జవాబు తెలియకముందే ఊహించి పొరబడి, వెనువెంటనే సరిదిద్దుకున్న విషయం, ఊరికే చదివిన విషయంకంటే బాగా గుర్తుండే స్మృతి ధర్మాన్ని తప్పుల ద్వారా అభ్యసనం అంటారు.

తప్పు చేస్తే తప్పే అలవాటుగా పాతుకుంటుందన్నది 20వ శతాబ్దపు ప్రవర్తనావాదుల అభిప్రాయం. ఆ దారిలోనే 1963లో మనస్తత్వవేత్త హెర్బర్ట్ టెర్రస్ పావురాలకు ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడాను దాదాపు తప్పుల్లేకుండానే నేర్పాడు.

తప్పు హానికరమన్న ఈ అభిప్రాయాన్ని బలంగా ప్రశ్నించినవి నేట్ కోర్నెల్, మాథ్యూ హేస్, రాబర్ట్ బ్యోర్క్ 2009లో ప్రచురించిన ప్రయోగాలు. ‘తిమింగలం–క్షీరదం’ వంటి స్వల్ప సంబంధమున్న జంటల్లో కొన్నింటికి మొదటి పదమే చూపి, 8 సెకన్లు ఊహించనిచ్చి, ఆపై 5 సెకన్లు జవాబు చూపారు. మరికొన్నింటిని 13 సెకన్లపాటూ చదవనిచ్చారు. అనుకోకుండా సరిపోయిన ఊహలను లెక్కనుంచి తీసేసినా, ఊహించిన జంటలే పరీక్షలో ఎక్కువగా గుర్తొచ్చాయి. పదాల మధ్య సంబంధమేమీ లేకపోతే ఈ లాభం కనబడదని బార్బీ హ్యూల్సర్, జానెట్ మెట్‌కాఫ్ 2012లో చూపారు. విచిత్రమేమంటే, ఊహించడం వల్ల లాభపడినవారే చదవడం మేలని భావించారు.

గట్టి నమ్మకంతో చేసిన తప్పు, అనుమానంతో చేసినదానికంటే తేలిగ్గా సరిదిద్దబడుతుంది. 2001లో బ్రాడీ బటర్‌ఫీల్డ్, మెట్‌కాఫ్ వివరించిన ఈ ధోరణిని ‘హైపర్‌కరెక్షన్’ అంటారు. నమ్మకం వమ్మైనప్పటి ఆశ్చర్యం అవధానాన్ని పెంచడం దీనికొక కారణం.

దిద్దుబాటు లేని తప్పుకు ఈ ప్రయోజనం వర్తించదు. అలాగే, తీవ్ర స్మృతిలోపం ఉన్న రోగులు తప్పులకు తావివ్వని పద్ధతిలోనే మెరుగ్గా నేర్చుకుంటారని అలన్ బాడ్లీ, బార్బరా విల్సన్ 1994లో నిరూపించారు. పొరబడిన సందర్భం గుర్తులేని రోగి మనసులో తప్పు జవాబే నిలుస్తుంది.